మా ఆయన సణగని రోజు

మా ఆయన లెక్కలో సూర్యుడికి కూడా పని చేతకాదు. ముందొస్తే ఎండ మండిపోతోందంటాడు, మబ్బు వెనక ఆగితే వెలుతురెక్కడ చచ్చిందంటాడు. టీ వేడిగా ఇస్తే నాలుక కాలుతుంది, చల్లార్చి ఇస్తే నాకు మొగుడంటే లక్ష్యం లేదు. కిటికీలకు అద్దాలు కోసి బిగించే కొట్టు మాది. ఆయనా, ఆయన తమ్ముడూ కోస్తారు. వచ్చినవాళ్లతో నేను మాట్లాడతాను. ఆయన్ని మాట్లాడనిస్తే రెండోసారి ఎవరూ రారు.

పోయిన వారం మా మరిది తన అద్దాలు కోసే కట్టర్‌ని, అదెప్పుడూ నానే కిరోసిన్ డబ్బాలోంచి తీశాడు. తుడిచాడు, గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మా పనిలో దాని అర్థం ఒక్కటే. ఆ మనిషి కొట్టు వదిలేస్తున్నాడు.

"అన్నయ్యా, నీ చేతి కింద ఎన్నేళ్లయినా చేస్తాను. నీ నోటి కింద మాత్రం నావల్ల కాదు. చర్చి కిటికీ పని అవగానే వెళ్లిపోతా."

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అత్తయ్య పోయాక ఆ పిల్లాణ్ని గుండెల మీద పెట్టుకుని పెంచిన మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది, మరిది మీద కాదు, ఈయన మీద!

ఆదివారం చర్చిలో కూర్చోగానే, "ఈ బెంచీ చేసినవాడెవడో గానీ..." అని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే పాస్టర్‌గారు అన్నారు: "మనకోసం ప్రాణం ఇచ్చినవాడి ముందు కూర్చుని, బెంచీ గట్టిగా ఉందని ఏడుస్తామా?" మా ఆయన ఉలిక్కిపడ్డాడు. పాస్టర్‌గారి చెవిలో నేనేమైనా ఊదానేమోనని నా వైపు గుడ్లురిమి చూశాడు. నేనేం చెప్పలేదు, దేవుడి తోడు. అందరూ లేచి వెళ్లాక కూడా ఆయన మోకాళ్ల మీదే ఉండిపోయాడు.

"ప్రభువా, నా నోటితో నా తమ్ముణ్నే తరిమేసుకున్నాను. దీన్ని నేను ఆపలేను. నువ్వే పట్టుకో" అని ఏడ్చాడు. నేనూ పక్కన మోకరించి ఏడ్చాను.

మర్నాటి నుంచి చూడాలి మా తమాషా! తాళం తీయగానే తల వంచి, "కరెంటు ఉంది, స్తోత్రం. నిన్నటి అద్దం పలక పగల్లేదు, స్తోత్రం. మా ఆవిడ ఇంకా పారిపోలేదు, స్తోత్రం" అనేవాడు. సణుగుడు గొంతు దాకా వచ్చి ఆగిపోవడం కళ్లారా చూశాను, ఎక్కిళ్లు పట్టినట్టుండేది. మరిది మాత్రం నమ్మలేదు. పని కాగానే కట్టర్ మళ్లీ గుడ్డలోకే వెళ్లేది.

చర్చి మా వీధి చివరే. గాలివానకు కొమ్మ విరిగిపడి దాని కిటికీ అద్దం పగిలింది. అలాంటి గళ్ల అద్దం ఇప్పుడెవరూ చేయడం లేదు, మా దగ్గర ఒక్క పలకే మిగిలింది. అద్దం మీద గీత ఒక్కసారే గీయాలి. తప్పితే అంతే సంగతులు.

ఆ ఉదయం మరిది కింద నిలబడి చట్రం కొలత తీసుకున్నాడు. మా ఆయన నిచ్చెనెక్కి పైనున్న అద్దం పెంకులు ఊడదీశాడు. కొట్టుకొచ్చి పలకను బల్ల మీద పరిచారు. మరిది స్కేలు ఆనించి కట్టర్ ఎత్తాడు.

మా ఆయనకు చెమటలు పట్టేశాయి! నోరు తెరవబోయి మూసుకుంటున్నాడు. ఏదో ఉందని నాకు తెలిసిపోయింది. మామూలు రోజైతే ఈపాటికి కొట్టు కప్పు లేచిపోయేది. ఆయన కళ్లు మూసుకుని, "ప్రభువా, ఇది సణుగుడో, చెప్పాల్సిన మాటో నాకు తెలియట్లేదు" అని గొణిగాడు. కట్టర్ అద్దాన్ని తాకబోతోంది.

"తమ్ముడూ, ఆగు!"

మరిది మొహం గట్టిపడింది. "మొదలెట్టావా?"

"లేదురా. నీ అంత తిన్నగా గీసే చెయ్యి నాకు లేదు, నీకు ఆ చెయ్యి ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం. కానీ ఆ చట్రం పైన వెడల్పు ఎక్కువ. నిచ్చెన మీద చూశాను."

మరిది టేపు లాక్కుని వీధిలోకి పరుగెత్తాడు. అతని వెనకే మా ఆయన, ఆ వెనక కొంగు బిగించి నేను! నిచ్చెనెక్కి టేపు పట్టాడు మరిది. పైన అర అంగుళం ఎక్కువ. కింది కొలతకే కోసుంటే అద్దం చాలేది కాదు, ఉన్న ఒక్క పలకా దండగయ్యేది.

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

"ఆ చట్రం చేసిన వడ్రంగిని తిట్టకుండా చెప్పడం నాకు రాదురా. నోరు తెరిస్తే నువ్విప్పుడే వెళ్లిపోతావని భయపడ్డాను."

మరిది నిచ్చెన మీదే నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

కొట్టుకు తిరిగొచ్చాక మా ఆయన స్కేలును ఏటవాలుగా అదిమి పట్టాడు, మరిది గీశాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నని చప్పుడు ఎక్కడా తెగకుండా సాగింది. బల్ల అంచుకు జరిపి నొక్కితే టక్కుమని విడిపోయింది. పొద్దువాలే లోపల అద్దం చట్రంలో కూర్చుంది. నేను చప్పట్లు కొట్టేశాను, ప్రార్థన మందిరమని కూడా చూడకుండా!

కొట్టు మూసే వేళ మరిది జేబులోంచి కట్టర్ తీశాడు. ఇవాళ దాని చుట్టూ గుడ్డ లేదు. గుడ్డ ఏదని మా ఆయన అడగలేదు, కిరోసిన్ డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. మరిది కట్టర్‌ని అందులో వేశాడు.

"కిరోసిన్ తగ్గిందిరా..." అని మా ఆయన మొదలుపెట్టి, నాలుక కరుచుకున్నాడు.

"ఫర్లేదన్నయ్యా," అన్నాడు మరిది. "రేపు వచ్చేటప్పుడు తెస్తాలే."