తోషా మందు, తలో చెంచా

"నెలలో నాలుగొందల గ్రాములు పెరగాలి" అంది డాక్టరు.

"నాలుగొందల గ్రామాలా! మన తర్నూవ్ చుట్టుపక్కల అన్నెక్కడివమ్మా?" అన్నాడు వాలెంతి తాత.

"గ్రామాలు కాదు, గ్రాములు! పెరగాల్సింది మనవరాలు, జిల్లా కాదు!" అని గదిమింది ఆయన భార్య బోగుమీవా.

నవ్వనిది వాళ్ల కూతురు యోవీత ఒక్కతే. ఆమె బిడ్డ తోషాకి మూడేళ్లు. ఏడాదిగా బరువు కదల్లేదు. డాక్టరు ఆకలి పుట్టించే సిరప్ రాసి, దీనికీ లొంగకపోతే ఆసుపత్రిలో చేర్చి ముక్కులో గొట్టం వెయ్యాలంది.

యోవీతకి పగలంతా ఉద్యోగం. రోజుకో చెంచా పట్టే పని బోగుమీవాది. ఆ ఊళ్లో పిల్లలకి పేరు పెట్టేది ఒకసారే, ఇంట్లోవాళ్ల పేరు చెప్పి ముద్ద పెట్టేది మాత్రం పూటపూటా.

"ఇది తాతయ్య చెంచా. ఆఁ అను తల్లీ!"

"తాతయ్యదైతే తాతయ్యే తాగాలి" అంది తోషా, పెదాలు బిగించి.

న్యాయమే కదా. తాత తాగాడు. మర్నాడు అమ్మమ్మ చెంచా. మూడోనాడు అమ్మది. ఒకరి వాటా కాజేసే రకం కాదు కనుక, బోగుమీవా దాన్ని యోవీత బీట్‌రూట్ సూపులో కలిపింది. నాలుగోనాడు కుక్కది. ఐదోనాడు "తోషా చెంచా" అంటే, "తోషా ఇంట్లో లేదు" అని పిల్ల బల్ల కిందికి దూరింది. మళ్లీ తాతతో మొదలు.

సీసాలో మందు గీత గీతకీ దిగుతుంటే యోవీత ప్రాణం కుదుటపడేది. తాత ముప్ఫై పియెరోగీ కుడుములు లాగించి ఫోర్కు పట్టుకునే గుర్రు పెట్టేవాడు. యోవీత స్కర్టు హుక్కు తెగింది. కుక్క గుమ్మంలో ఇరుక్కుంది.

నెల తిరిగింది. తోషాని తూచారు.

"ఇరవై గ్రాములు. అవి మేజోళ్లవే అయ్యుంటాయి" అంది డాక్టరు. "మందు పని చెయ్యలేదు. చేర్చుకుంటాం."

యోవీత పిల్లని గుండెకి హత్తుకుంది. బోగుమీవా చూసింది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే పిల్ల ముక్కులోకి గొట్టం పోతుంది. పరువే పోనీ అనుకుంది.

"పని చేసింది డాక్టరుగారూ! అద్భుతంగా చేసింది! కావాలంటే ఈయన్ని తూచండి!"

తాత ఆరు కిలోలు పెరిగాడు. బోగుమీవా చెంచా చెంచాగా అంతా కక్కింది.

"నా సూపులోనా అమ్మా?"

"నీ వాటా నీకు ఇవ్వొద్దుటే?"

డాక్టరు కలం మూత పెట్టింది. "ఒకరికి రాసిన మందు ఇంకొకరు తాగకూడదమ్మగారూ, కుక్కతో సహా! పిల్ల ఒక్క చుక్కా మింగలేదు కనుక ఆసుపత్రి మాట ఇప్పుడొద్దు. ఇంకో నెల చూద్దాం. ఈసారి ఎవరి పేరూ ఎత్తకుండా పట్టండి."

యోవీత కుర్చీలో కూలబడింది. తల్లిని తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియక, రెండూ చేసింది.