చర్మం పెంచుకుంటున్నాం

బియ్యం డీలరు మా పెద్దమ్మ బొటనవేలిని పట్టుకుని వేలిముద్రల మిషన్ మీద అదిమాడు. ఆరోసారి. మళ్లీ ఎర్రలైటే.

"ఈ వేలికి మనిషే లేదంటోంది," అన్నాడు. వరసలో మగవాళ్లు నవ్వారు.

జీడిపిక్కలు ఒలిచే షెడ్డులో పెద్దమ్మది ఇరవై రెండేళ్ల పని. పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు బూడిద రాసుకుని కూర్చున్నా, కొన్నేళ్లకు వేళ్లు గవ్వల్లా నున్నబడతాయి. మూడు నెలలుగా ఆమెకు బియ్యం లేవు. ఈ నెలా వేలిముద్ర పడకపోతే రేషన్ కార్డే పోతుంది. షెడ్డులో అరవైమందిమి. నలభై ఒక్కరిది అదే గతి.

అందరం రేషన్ ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసరు ఫైలులోంచి తలెత్తలేదు.

"పదిహేను రోజులు పని మానెయ్యండి. కొత్త చర్మం వస్తుంది. అప్పుడు రండి."

"మానేస్తే ఏం తినాలి బాబూ?"

"అది మిషన్ని అడుగు."

మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డు వెనక చేరాం.

"నేనొక్కదాన్నే మానేస్తే రేపు నా పీట మీద ఇంకొకతె కూర్చుంటుంది," అంది పెద్దమ్మ.

"అందరం మానేస్తే?" అన్నాను.

"అమ్మో, దీనికీ నోరుందే!" అని నవ్వింది నా ఎదురుపీట అక్క. అంతలోనే ముఖం ముడుచుకుంది. "నాకు వేలు పడుతోంది. నాకెందుకీ గొడవ?"

"నువ్వొచ్చి రెండేళ్లేగా. ఏదీ, చెయ్యి ఇటు తే."

పెద్దమ్మ ఆమె చేతిని వెలుగులోకి తిప్పి, పక్కన తన చెయ్యి పెట్టింది. అక్క రెండు చేతుల్నీ చాలాసేపు చూసింది. తరవాత లేచి బూడిద చిప్పను కాలితో తన్నింది.

మర్నాడు అరవైమందిమీ గేటు ముందు అరచేతులు పైకి పెట్టుకుని కూర్చున్నాం.

"ఏంటే ఈ వేషాలు?" అన్నాడు యజమాని.

"చర్మం పెంచుకుంటున్నాం అయ్యగారూ. ఆఫీసరుగారి ఆర్డరు!"

లోపల వేయించిన పిక్కలు గుట్టలు పడి ఉన్నాయి. నాలుగో రోజు యజమాని గుమాస్తానీ, కొడుకుల్నీ పీటల మీద కూర్చోబెట్టాడు. బూడిద రాసుకోవాలని వాళ్లకు తెలీదు. మేం చెప్పలేదు. సాయంత్రానికి పెద్దకొడుకు పొక్కులెక్కిన చేతులు విదిలించుకుంటూ, అమ్మా అమ్మా అని ఏడుస్తూ బయటికి పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజు నేనేమీ తినలేదు. అయినా కడుపు నిండింది.

యజమాని ఎవరెవరికి ఫోన్లు చేశాడో, ఆరో రోజు ఆఫీసరే వచ్చాడు. చేతిలో రిజిస్టరు, వెనక పోలీసు వ్యాను. వేలు పడనివాళ్లకు ఇందులో పేరు రాసి బియ్యం ఇవ్వచ్చట. ఆ రూలు మొదట్నించీ ఉందట.

"ముసలమ్మా, నీ పేరు రాస్తా. వీళ్లని లేపు."

"మొదట్నించీ ఉందా?" పెద్దమ్మ లేచి నిలబడింది. "మూడు నెలలు నా కుండ బోర్లించి, దీన్ని బీరువాలో దాచుకున్నావా? ముందు నలభై పేర్లు రాయి. ఆఖర్న నాది."

"నీదొక్కటే."

పెద్దమ్మ రిజిస్టరు లాక్కుని నా ఒళ్లో పడేసింది. "బడికెళ్లావుగా, రాయవే!"

పోలీసులు ఆమెను ఈడ్చుకెళ్లి వ్యాన్లో పడేశారు. లాఠీలు లేచాయి. ఆడవాళ్లు నా చుట్టూ గోడ కట్టారు. ఒక్కొక్కరూ పేరు అరుస్తుంటే రాశాను. నలభై ఒకటోది రాసేసరికి పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చి వ్యాన్‌కు అడ్డంగా కూర్చున్నారు.

ఆఫీసరు కలం తీశాడు. "పెట్టేస్తా, సంతకం పెట్టేస్తా. దారి వదలండి."

"సంతకం పెట్టు," అంది ఎదురుపీట అక్క, నుదుటి మీది నెత్తురు తుడుచుకుంటూ. "అయినా దారి వదలం. ముందు ఆమెను దించు. చేతులు పట్టుకుని, నువ్వే దించు."