ఎడమ ముందు సీటు

గ్రైండర్ చక్రం విమానం కుడి రెక్క మొదట్లోకి దిగేసరికి రేకు కీచుమని అరిచింది. నిప్పురవ్వలు అతని బూట్ల మీద రాలి చల్లారుతున్నాయి. యాభై ఆరేళ్ళ మనిషి. పొట్టి. మెడంటూ లేకుండా భుజాల్లోంచి నేరుగా తల మొలిచినట్టు ఉంటాడు. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంది; మిగతా సగం ఒక ఇంజను కింద నలిగిపోయింది. విమాన ప్రమాదాల దర్యాప్తు ఆఫీసు వెనకున్న రేకుల షెడ్డులో ఇరవై మూడేళ్ళుగా అతనిది ఒకటే పని. కూలిన విమానాల ముక్కలు ఏరుకొచ్చి, నేల మీద సుద్దతో గీసిన విమానం బొమ్మలో ఏది ఎక్కడిదో అక్కడ పేర్చాలి. కేసు మూసేశాక కోసి తుక్కుకు పంపాలి. ఆఫీసులో అందరూ అతన్ని ముక్కలాయన అంటారు. క్రేన్ లారీ నడిపే బామ్మర్ది మాత్రం బావా అంటాడు.

వచ్చేవాటిలో ఎక్కువ ఒకే రకం విమానాలు. నాలుగు సీట్లు, నెత్తిమీద రెక్కలు, ముక్కున ఒక్క ప్రొపెల్లర్. కంపెనీ పెట్టిన పేరు అంకెల్లో ఉంటుంది. షెడ్డులో దాన్ని గువ్వ అంటారు. నేర్చుకునేవాళ్ళంతా గువ్వలోనే నేర్చుకుంటారు కాబట్టి చచ్చేవాళ్ళూ ఎక్కువగా అందులోనే చస్తారు. ఇప్పటికి అరవై రెండు గువ్వల్ని పేర్చాడు. చదువు ఎనిమిదో తరగతిలో ఆగినా, ముక్క చూసి ఏం జరిగిందో చెప్పగలడు. ప్రొపెల్లర్ రెక్కలు రెండూ మెలికలు తిరిగి ఉంటే నేలను గుద్దేటప్పటికి ఇంజను నడుస్తూనే ఉంది. ఒకటి వంగి ఒకటి తిన్నగా ఉంటే అప్పటికే ఆగిపోయింది. పెట్రోలన్నా అయిపోయి ఉండాలి, పెట్రోల్లో నీళ్ళన్నా చేరి ఉండాలి, లేదంటే చల్లటి తేమగాలికి కార్బురేటర్ గొంతులో మంచు కట్టి ఉండాలి. మబ్బులోకి దూరి కొండను గుద్దినవి గోనెసంచుల్లో వస్తాయి. కరెంటు తీగల్లో చిక్కుకున్నవి కాలి వస్తాయి. దిగబోతూ మరీ నెమ్మదిగా మలుపు తిప్పి పడ్డవాటికి ఒక రెక్క నుగ్గునుగ్గయి, రెండోది కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది.

ఇప్పుడు కోస్తున్నది రెండేళ్ళ కిందటిది. పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఒక్కతే ఎగిరింది. లేస్తూ లేస్తూనే విమానం నిట్టనిలువుగా ముక్కెత్తి, పక్కకు ఒరిగి, రన్‌వే చివర ముక్కుతో పడింది. అమ్మాయి కూర్చున్న సీటు పట్టాల మీద చివరికంటా వెనక్కి పోయి ఉండటం అతను చూశాడు. అప్పటి అధికారికి చెప్పాడు. "పడ్డ దెబ్బకి జరిగుంటుందిలే" అన్నాడాయన. ముక్కుతో పడ్డ విమానంలో సీటు ముందుకు పోవాలి గానీ వెనక్కెలా పోతుంది? ఆ మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. సీటును పట్టాకు బిగించే పిన్ను ఎంత వెతికినా దొరకలేదు. పైలట్ తప్పు అని రిపోర్టు రాశారు. నెల తిరక్కుండా ఆ అమ్మాయి తండ్రి షెడ్డుకొచ్చాడు. బస్సు కండక్టర్; డ్యూటీ దిగి ఆ బట్టల్తోనే వచ్చాడు. "మా పాప తప్పు చేసిందా అన్నా?" అని అడిగాడు. ముక్కలాయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయాడు. తుడిచిన చేతినే తుడిచాడు. వచ్చినతను కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

రెక్క తెగి దబ్బున పడింది. గ్రైండర్ కాబిన్ వైపు తిప్పాడు.

"బావా! ఆపు, ఆపెయ్!" బామ్మర్ది పరిగెత్తుకొచ్చాడు. "గువ్వ పడింది. ఇటుకబట్టీ మీద. ఇద్దరున్నారంట."

"ఏ ఫ్లయింగ్ స్కూలుది?"

బామ్మర్ది కళ్ళతోనే నేల మీదున్న విమానాన్ని చూపించాడు. "దీందే."

లారీ వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. ఫైరింజను కాలవ గట్టున బురదలో కూరుకుపోయి ఉంది. బట్టీ కూలీలు బకెట్లతో నీళ్ళు మోస్తున్నారు. విమానం పచ్చి ఇటుకల వరస మీద ముక్కుతో పడి, వరసనంతా పిండి చేసి, అందులో సగం పాతుకుపోయింది. ఇంజను కాబిన్లోకి తోసుకొచ్చింది. అడుగున ఎర్రమట్టి ఎంతవరకో, నెత్తురు ఎక్కడినుంచో తెలియడం లేదు. పెట్రోలు చుక్కచుక్కగా కారుతోంది.

ఎడమ సీటులో నేర్చుకునే కుర్రవాడు. ముఖం అనేది మిగల్లేదు. ఎడమచెయ్యి మాత్రం ఇంకా స్టీరింగును పట్టుకునే ఉంది. కుడి సీటులో నేర్పే ఆయన. తొడ ఎముక పాంటును చీల్చుకుని బయటికొచ్చింది. ఊపిరి తీసినప్పుడల్లా ముక్కులోంచి నురగ వస్తోంది.

"బతికున్నాడు. కట్టరియ్యి" అన్నాడు ముక్కలాయన.

నిప్పురవ్వ పుడితే అంతా మండిపోతుంది కాబట్టి గ్రైండర్ వాడకూడదు. చేతిపంపుతో నడిచే కత్తెరతో తలుపు స్తంభాన్ని కొరికించాడు. స్తంభం తెగినప్పుడు కాబిన్ ఒక్కసారి కుంగింది. లోపలున్న మనిషి జంతువులా అరిచాడు. ముక్కలాయన నడుందాకా లోపలికి దూరి, అతని కాలి మీదున్న పలకను వీపుతో ఎత్తిపట్టాడు. రేకు అంచు చొక్కాలోంచి చర్మంలోకి దిగింది. "లాగరా!" అని కేక పెట్టాడు. బామ్మర్ది, ఇద్దరు కూలీలు కలిసి లాగారు. కాలు వచ్చింది, బూటు లోపలే ఉండిపోయింది.

స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే ఆయన ముక్కలాయన చొక్కా పట్టుకున్నాడు. "సీటు... వెనక్కి పోయింది... వాడు పట్టుకునే..." అని, కళ్ళు తేలేశాడు.

అంబులెన్సు కదులుతుంటే దర్యాప్తు అధికారిణి కారు దిగింది. ఈ ఉద్యోగంలో చేరి ఆరు నెలలైన మనిషి. నేర్పే ఆయన అన్న మాట బామ్మర్ది చెప్పగానే ఆమె, "నేను ఆయన వెంట వెళ్తాను పెద్దాయనా. స్పృహ వస్తే చెప్పించుకోవాలి. నేనొచ్చేదాకా ఏదీ కదల్చనివ్వకండి" అని మళ్ళీ కారెక్కింది.

కుర్రవాడి శవాన్ని దించడానికి గంట పట్టింది. స్టీరింగు నుంచి వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. గుడ్డ కప్పి, బామ్మర్ది లారీని తిప్పడానికి వెళ్ళాక, ముక్కలాయన టార్చి పళ్ళమధ్య పెట్టుకుని కాబిన్లోకి బోర్లా దూరాడు. సీటు పట్టాల చివరిదాకా వెనక్కి పోయి ఉంది. పట్టాకు వరసగా గుండ్రటి చిల్లులుండాలి. నాలుగోది, ఐదోది గుండ్రంగా లేవు. అరిగి కోడిగుడ్డు ఆకారానికొచ్చాయి. సీటు కింద స్ప్రింగుకు అంటుకుని వేలెడు ఉక్కు పిన్ను వేలాడుతోంది. దాని కొస ఒక పక్కకు ఏటవాలుగా అరిగి, నున్నగా మెరుస్తోంది. పడ్డ దెబ్బకి అయింది కాదు, పాత అరుగుదల. విమానం ముక్కెత్తగానే ఆ కొస చిల్లులోంచి జారింది. సీటు వెనక్కి దొర్లింది. దాంతోపాటు స్టీరింగూ వెనక్కి వచ్చి ముక్కు ఇంకా లేచింది. పట్టుకున్న స్టీరింగును కుర్రవాడు వదల్లేదు. ఎవరు వదుల్తారు?

రెండేళ్ళుగా వెతుకుతున్నది ఇలాంటిదే.

"ఏం దొరికింది పెద్దాయనా?"

ఫ్లయింగ్ స్కూలు యజమాని. తెల్లచొక్కా, మోకాళ్ళ దాకా బురద. వెనక అతని మెకానిక్కులిద్దరు.

"చూస్తున్నానండి."

"మనవాళ్ళు సాయం చేస్తార్లే. నువ్వు బయటికి రా."

మెకానిక్కుల్లో ఒకడు అప్పటికే చెయ్యి సీటు కిందికి పోనిస్తున్నాడు. వాడికి ఎక్కడ వెతకాలో తెలుసు. ముక్కలాయన ఒక్క లాగు లాగి పిన్ను ఊడదీశాడు. జేబులు తడుముతారని తెలిసి నోట్లో పెట్టుకుని దవడలోకి తోసేశాడు.

కాళ్ళు పట్టి బయటికి ఈడ్చారు. గడ్డం రేకుకు తగిలి చీరుకుపోయింది. "ఇచ్చెయ్" అన్నాడు యజమాని. ముక్కలాయన తల అడ్డంగా ఊపాడు. మొదటి దెబ్బ చెంప మీద పడింది. లోపల పిన్ను చిగుళ్ళలోకి దిగి నోరంతా నెత్తురైంది. రెండోవాడు బూటుకాలితో ఎడమ డొక్కలో తన్నాడు. మళ్ళీ అక్కడే తన్నాడు. మూడోసారి తన్నినప్పుడు లోపలెక్కడో తడిగా ఏదో చిట్లింది. వెల్లకిలా పడి, పళ్ళు బిగించి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళు విరవడానికి చూశారు. ఇరవై మూడేళ్ళు ఇంజన్లు ఎత్తిన చేతులు.

"ఒరేయ్! మా బావని కొడతార్రా!" బామ్మర్ది క్రేను గొలుసు గిరగిరా తిప్పుతూ వస్తున్నాడు. వెనకాల ఇటుకబట్టీ కూలీలు, చేతికందిన ఇటుకల్తో. గొలుసు కొక్కెం ఒకడి భుజాన్ని బద్దలుకొట్టింది. యజమాని నుదురు చిట్లి తెల్లచొక్కా ఎర్రబడింది. ముగ్గురూ పొలాలకడ్డంపడి పరిగెత్తారు.

ముక్కలాయన లేచి కూర్చుని, అరచేతిలోకి ఉమ్మాడు. ఒక పన్ను వచ్చింది. తర్వాత పిన్ను వచ్చింది.

"నోట్లో నాలుక లేదంటుంది మా అక్క. ఇనుముందని చెప్తా ఉండు" అన్నాడు బామ్మర్ది ఏడుస్తూనే.

మూడింటికి అధికారిణి పోలీసులతో వచ్చింది. నేర్పే ఆయన ఆపరేషను బల్ల మీదున్నాడు, బతుకుతాడంటున్నారు. ఆమె పిన్నును, పట్టాను ఫొటోలు తీసింది.

"మేడం," అన్నాడు ముక్కలాయన. తనంతట తాను ఆమెతో మాట మొదలుపెట్టడం అదే మొదటిసారి. "రెండేళ్ళ కిందట పడ్డ పాప ఉంది. ఆ గువ్వ సీటు పట్టాలు ఇంకా కొయ్యలేదు. పొద్దున రెక్క దగ్గరే ఆపాను. ఆ పాప తప్పు కాదు మేడం."

"ఆ ఫైలు తిరిగి తెరుస్తాను. ముందు మీరు ఆస్పత్రికి పదండి."

"పక్కటెముకే. ఇవి పేర్చేసి వెళ్తాలెండి."

ఆమె పోలీసు కాగితాల్లో మునిగిపోయింది. సాయంత్రం అయిదున్నరకు లారీ షెడ్డు చేరింది. దారి పొడుగునా అతను డొక్క పట్టుకునే కూర్చున్నాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. దాహం, దాహం అని రెండు సీసాల నీళ్ళు తాగాడు. ఇంటినుంచి ఫోనొచ్చింది.

"తిన్నారా?" అంది భార్య.

"తింటాలే."

"గొంతేంటి అలా ఉంది?"

"దుమ్ము." "ఏమే, అలాంటి పిన్నే ఒకటి దొరికింది" అన్నాడు.

ఏ పిన్నో ఆమెకు చెప్పక్కర్లేదు. రెండేళ్ళు నిద్దట్లో కూడా దాన్నే వెతికాడు. "దొరికిందిగా, ఇంక పెందరాళే ఇంటికి రండి" అంది. "నీళ్ళు కాచి పెడతా."

కాబిన్ను క్రేనుతో సుద్దబొమ్మలో దించారు. సీటును బామ్మర్ది రెండు చేతుల్తో సర్దాడు. షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోయి చెమటలు కక్కుతున్న బావను చూసి, "చాలు, నడువ్ ఆస్పత్రికి" అన్నాడు.

"ఒక్క చీటీ కట్టాలి రా. ఎవరికి దొరికిందో వాళ్ళే రాయాలి, లేకపోతే కోర్టులో నిలవదు. నువ్వు లారీ ఖాళీ చేసి తిప్పు. ఈలోగా రాసేస్తా."

బామ్మర్ది వెళ్ళాడు. ముక్కలాయన గోడకానుకుని నేల మీద కూర్చున్నాడు. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. చీటీ మోకాలి మీద పెట్టుకుని, అక్షరం అక్షరం కూడదీసుకుంటూ రాశాడు. చీటీ దారాన్ని పిన్నుకు చుట్టి, ముడి రెండుసార్లు జారిపోతే మూడోసారి పళ్ళతో బిగించాడు. సీటు ముందు బోర్లా పడుకుని, చెయ్యి చాచి దాని చోట దాన్ని పెట్టాడు. సిమెంటు చల్లగా ఉంది. చెంప దానికి ఆనించాడు.

లారీ హారను రెండుసార్లు మోగింది. "బావా, రా!" మూడోసారి మోగాక ఇంజను ఆగింది. బామ్మర్ది లోపలికొచ్చి, బావ అలిసి పడుకున్నాడనుకుని భుజం పట్టి కదిపాడు. మళ్ళీ కదిపాడు. తర్వాత ఆ బరువైన తలను ఒళ్ళోకి తీసుకుని అలాగే కూర్చుండిపోయాడు.

అధికారిణి వచ్చి చూసేసరికి ఇంకా వెలుతురుంది. ఎడమ ముందు సీటు కింద, పట్టా పక్కన, గాలికి చీటీ అటూ ఇటూ తిరుగుతోంది. దాని మీద ఒక పక్క తేదీ, సంతకం, రెండో పక్క వంకరగా మూడు మాటలు: పిన్ను. అరిగింది. పాతది.