సముద్రం వైపు జానెడు

ఆ ఉదయం యేసుదాసు మాస్టారికి కాలు ఒకచోట నిలవలేదు. బందరులో డ్రిల్లు మాస్టారుగా ఉంటూ, పదకొండేళ్లుగా బాస్కెట్‌బాల్ క్లబ్బుకి ఆట నేర్పుతున్నా, కప్పు ఒక్కసారి కూడా చేతికి రాలేదు. ఏటా ఫైనల్లో గుడివాడ చేతిలో ఓడిపోవడమే. ఇప్పుడు ఆ గుడివాడ క్లబ్బు సెక్రటరీ అచ్యుతరావు గారే రైలు దిగి వచ్చి, వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ బేరం పెట్టారు.

"మా సోమేశ్వరరావుని తీసుకోండి. ఆరడుగుల రెండంగుళాలు. మాకు పొడుగువాళ్లు ఇంకా ఉన్నారు, గురి ఉన్నవాడే లేడు. మీ శోభనాద్రిని ఇవ్వండి. ఈ ఒక్క సీజనుకే లెండి. మధ్యాహ్నం బండికి వెళ్తాను, ఈలోగా ఏ సంగతీ తేల్చి చెప్పండి."

శోభనాద్రిది పెడన. అద్దకం పని. పగలంతా అచ్చుదిమ్మ మీద పిడికిలితో గుద్ది, సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆడతాడు. ఐదడుగుల నాలుగంగుళాలు, అదీ క్రాపుతో కలిపి. బందరులో నాలుగయ్యేసరికి సముద్రపు గాలి లేస్తుంది, బంతిని పక్కకి నెట్టేస్తుంది. బుట్టకి సూటిగా కాకుండా సముద్రం వైపు జానెడు పక్కకి వెయ్యాలని మాస్టారు అందరికీ చెప్పాడు. ఒంటబట్టింది వాడొక్కడికే.

"ఆలోచించేదేముందండీ?" అన్నాడు పక్కనే ఉన్న బందరు క్లబ్బు కెప్టెన్ కొండలరావు. "గురి నేర్పొచ్చు గాని, పొడుగు నేర్పలేం కదా మాస్టారూ."

"ఆ గురి నేర్పడానికి నాకు మూడేళ్లు పట్టిందయ్యా."

"ఆ మూడేళ్లూ ఓడిపోయాం కదండీ."

మాస్టారికి ఒళ్లు మండింది. కానీ ఆ మాట నిజమే, ఏం చేస్తాడు. గేటు దాకా వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. భార్య దేవమ్మ వడ్డించిన అన్నం సగంలో వదిలేసి స్టేషనుకి నడిచి, రైలెక్కబోతున్న అచ్యుతరావు గారికి సరేనన్నాడు.

సాయంత్రం శోభనాద్రికి చెప్పాల్సి వచ్చింది.

"నేనేం తప్పు చేశానండీ?"

"తప్పేం లేదురా. పొడుగు కావాల్సొచ్చింది."

"సరేనండి," అని వాడు సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి.

నెల రోజులూ మాస్టారికి మనసు మనసులో లేదు. సోమేశ్వరరావు మంచివాడే. చెప్పినదానికల్లా తల ఊపుతాడు, మళ్లీ సూటిగానే వేస్తాడు. అయినా ఆ పొడుగుతో నెట్టుకొచ్చి బందరు ఫైనల్‌కి చేరింది. ఎదురుగా గుడివాడే. ఆట బందరులోనే, సాయంత్రం నాలుగున్నరకి.

ఆఖరి నిమిషంలో చెరి ఇరవై ఎనిమిది. కొండలరావు తోసేశాడని విజిల్ పడింది. తోపు తిన్నది శోభనాద్రి. వాడికి రెండు ఫ్రీ త్రోలు. మాస్టారు గీత పక్కన అటూ ఇటూ తిరుగుతున్నాడు. 'పోవాలి ప్రభువా, రెండూ పోవాలి' అనుకున్నాడు. అలా కోరుకున్నందుకు సిగ్గేసింది కూడా.

మొదటిది సూటిగా వేశాడు. గాలి నెట్టేసింది. గుడివాడలో ఈ గాలి ఎక్కడుంది?

"సముద్రం వైపు జానెడురా, శోభనాద్రీ!"

ఆ అరుపు తన నోట్లోంచే వచ్చిందని మాస్టారికి అరిచాక గాని తెలియలేదు. వాడు తలొంచి బంతిని ఒకసారి నేలకి కొట్టాడు. రెండోది జానెడు పక్కకి వేశాడు. గాలి దాన్ని తెచ్చి బుట్టలో పడేసింది.

కప్పు మళ్లీ గుడివాడకే. కొండలరావు మాస్టారితో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. జనం పలచబడ్డాక శోభనాద్రి వచ్చాడు, అరచేతులకి ఇంకా అద్దకం రంగు ఉంది.

"గాలి సంగతే మర్చిపోయానండి. మీరు చెప్పబట్టి పడింది."

మాస్టారు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "వచ్చే సీజనుకి మనవైపు వచ్చెయ్యరా."

శోభనాద్రి తలెత్తి బుట్ట వంక చూశాడు.

"నేనింకా అంతే పొడుగున్నానండి," అన్నాడు.