ఇస్తరాకులు పారేసిన చోటు

గ్రైండర్లో మినప్పప్పు తిరుగుతోంది. పక్క బల్లమీద కంప్యూటర్లో, రేపు ఊళ్ళో తెర కట్టి వెయ్యాల్సిన ఆమె డాక్యుమెంటరీ సినిమా చివరిసారి ఆడుతోంది. జాహ్నవి ఒక చేత్తో పిండి తోస్తూ, తడి తగలకుండా రెండో చెయ్యి పైకి పట్టుకుని తెరకేసి చూస్తోంది.

"ఊరికే ఆ పెట్టి ముందర నిలబడకపోతే, చట్నీకన్నా సూడరాదా మే" అంది అత్త భారతమ్మ, కొబ్బరి తురుముతూ.

ఊరికే. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో ఆమె పనికి అదే పేరు. శేషాచలం అడవిలో వారం రోజులు తిరిగి, కాళ్ళు బొబ్బలెక్కి వస్తే, "షికారు అయిందా?" అన్నాడు భర్త గిరిప్రసాద్. ఇసుక లేని ఏటి మీద తీసిన సినిమాకు దూరదేశంలో బహుమతి వస్తే ఆడబిడ్డ ఫోన్ చేసి, "కెమెరా బాగుండాదంట కదా వదినా, మా పాప ఓణీల ఫంక్షన్ తీసిపెట్టు" అంది. తీసిపెట్టింది. సీమంతాలు, గృహప్రవేశాలు, అన్నీ తీసిపెట్టి, పంక్తి చివర మిగిలిన చారన్నం తిని వచ్చింది.

ఈ రెండేళ్ళూ తీసింది ఐరాల దగ్గర పారే ఒక వంక గురించి. వంకకు పైన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, కింద మునిరత్నమ్మ చేను. ఆమె బావినీళ్ళు పులిసిన వాసన వేస్తాయి, ఆవు మూతి పెట్టదు. ఫ్యాక్టరీ గిరిప్రసాద్ అన్న గంగాధరానిది. నీళ్ళు శుద్ధి చేసే వదులుతామని కెమెరా ముందు చెప్పాడు గానీ, గేటు మాత్రం తెరవలేదు. "ఆడోళ్ళకు లోపల ఏం పని?" అన్నాడు.

కిందటి నెల ఆ గేటు తెరుచుకుంది. మామిడికాయ మిషన్లలో పడిన వారానికి సీజన్ పూజ పెట్టుకున్నారు. "బయటోళ్ళు దేనికిరా, ఫోటోలు తీసే మనిషి మనింట్లోనే ఉండాది కదా" అన్నాడు ఆ గంగాధరమే. పట్టుచీర కట్టుకుని గుమ్మడికాయ కొట్టడం, హారతి, అన్నీ తీసింది జాహ్నవి. భోజనాలయ్యాక, "కోడలివి కదా, ఆ ఇస్తరాకులు ఎనక గోడ అవతల పారేసి రా మే" అంది భారతమ్మ. మెడలో కెమెరాతోనే గంప ఎత్తుకుని వెళ్ళింది. గోడ అవతల, ముళ్ళకంప చాటున, నడుమంత లావు గొట్టం. పసుప్పచ్చని నురగ వంకలోకి దూకుతోంది. గంప దించి, కుచ్చిళ్ళు దోపుకుంది. నాలుగు నిమిషాలు కెమెరా దించకుండా తీసింది.

ఇప్పుడు తెరమీద ఆ గొట్టమే. గిరిప్రసాద్ వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఇది మా అన్న ఫ్యాక్టరీ కదా? తీసెయ్ దాన్ని. రేపు మునిరత్నమ్మ ఊర్లో ఇది ఏసినావంటే అన్న మన గడప తొక్కడు. ఆ ఎనకకి నిన్ను ఎవురు పొమ్మనింది?"

"అత్తమ్మే. ఇస్తరాకులు పారేసి రమ్మనింది."

భారతమ్మ చేతిలో కొబ్బరిచిప్ప ఆగిపోయింది. గిరిప్రసాద్ కంప్యూటర్‌కు తగిలించిన హార్డ్ డిస్కు పీకి జేబులో వేసుకున్నాడు.

జాహ్నవి దానికోసం చెయ్యి చాపలేదు. ఎవరి బతుకు సినిమాగా తీస్తే వాళ్ళింట్లో ఒక కాపీ ఉంచడం ఆమె పద్ధతి. మూడు రోజులుగా అది మునిరత్నమ్మ బియ్యం డబ్బాలో ఉంది. భయం లేదని కాదు. అన్నదమ్ములు విడిపోతే, ప్రతి పండక్కీ ఆ మాట తన కంచంలోనే పడుతుందని తెలుసు. ఇన్నేళ్ళూ ఆ కంచంలో పడని మాట ఏముంది గనక?

చేతులు కడుక్కుని కెమెరా సంచి భుజాన వేసుకుంది.

"యాడికి?" అన్నాడు గిరిప్రసాద్.

"ఐరాలకి. తెర కట్టాల."

"గ్రైండర్ తిరగతా ఉండాది!"

"ఆపండి. ఉప్పు ఎయ్యలేదు, ఏసి కలపండి." చెప్పుల్లో కాళ్ళు పెట్టి వెనక్కి తిరిగింది. "రేపు సాయంత్రం బావను కూడా రమ్మనండి. ఆయన తీయమన్న పూజే. హారతి కాడ్నించి ఇస్తరాకుల దాకా, ఏదీ కొయ్యకుండా ఏస్తాను."