అన్నయ్య కయాక్‌కి మోటారు

ఆవిడ చేతిలో పడితే చచ్చిపోయిన మోటారు కూడా సిగ్గుపడి తిరుగుతుందని పేరు. సరస్సు ఒడ్డున రేకుల షెడ్డులో చిన్న చిన్న పడవలకి కరెంటు మోటార్లు బిగించడం ఆవిడ పని. అందుకే అందరూ కరెంటమ్మ అనేవారు, ఆఖరికి సొంత వదిన కూడా. పనిలో పడిందంటే తిండీ తిప్పలూ ఉండవు. ఎవరు పిలిచినా "ఆఁ, ఇదిగో అయిపోయింది, వస్తున్నా" అంటుంది. ఆ అయిపోవడాన్ని చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఆవిడకి ఒక్కడే అన్న. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైనవాడు. ఆయనకి ఇల్లు తర్వాత కయాకే లోకం. తెడ్డు వేసి నడిపే సన్నటి పడవ, ఇద్దరు కూర్చునే పాత కయాక్ అది. చిన్నప్పుడు ముందు సీట్లో చెల్లెలు, వెనక సీట్లో అన్న, ఇద్దరూ తెడ్లు వేస్తూ పోట్లాడుకుంటూ సరస్సంతా తిరిగేవారు. చెల్లెలు షెడ్డు పెట్టాక ఆయనొక్కడే వెళ్ళేవాడు. అలాంటి మనిషికి కుడి భుజం చెడింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక తెడ్డు ముట్టుకోవద్దని చెప్పేశాడు. ఇంటికొచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు, అంతే. "కంచం ముందు కూర్చుని కెలికి వదిలేస్తున్నారమ్మా మీ అన్నయ్య," అని వదిన ఫోన్లో ఏడ్చింది.

కరెంటమ్మకి మనసు కలుక్కుమంది. మనసు కలుక్కుమంటే మామూలు మనుషులు వెళ్ళి పక్కన కూర్చుంటారు. ఈవిడ స్క్రూడ్రైవర్ తీసింది.

కయాక్‌ని షెడ్డుకి తెప్పించి అడుగున మోటారు పెట్టింది. వెనక సీటు పక్కన ఒక మీట, బ్యాటరీ ఎంతుందో చూపించే మీటరు పెట్టింది. బ్యాటరీ బరువెక్కువ, వెనకే పెడితే పడవ ముక్కు పైకి లేస్తుంది. అందుకని ముందు సీటు ఊడదీసి అక్కడ బిగించింది. ఆ రోజుల్లో అన్న రోజూ షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఏదో అనబోయి ఆగేవాడు. "ఏంటన్నయ్యా?" అంటే "ఏం లేదులేవే, పని చూసుకో" అనేవాడు. ఆవిడ పని చూసుకునేది. ఆ ఒక్క ముక్క ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నీళ్ళలోకి దింపే పొద్దున అన్న అలవాటుకొద్దీ తెడ్డు అందుకున్నాడు. కరెంటమ్మ లాగేసుకుంది.

"ఇది కనబడితే నీ చెయ్యి ఊరుకోదు," అని షెడ్డులో పెట్టి తాళం వేసింది.

"మరి మధ్యలో ఆగిపోతే?"

"నేను బిగించింది ఆగుతుందా? మీటరు సగానికొస్తే వెనక్కి తిరుగు, అంతే."

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం. దాటకముందే తగలేసిన మనిషిని ఈవిడనే చూడటం.

వెనకనుంచి గాలి తోస్తుంటే పడవ చప్పుడు లేకుండా జారిపోయింది. ఇన్నేళ్ళూ ఆయనకి ఇక చాలు, వెనక్కి తిరుగు అని చెప్పింది చేతుల నొప్పే. రెక్కలు లాగడం మొదలెడితే ఇంటికి మళ్ళేవాడు. మోటారుకి నొప్పెక్కడిది? అలా పోతూనే ఉన్నాడు. మీటరు సగానికొచ్చేసరికి చాలా దూరంలో ఉన్నాడు. చెల్లెలు చెప్పినట్టే బుద్ధిగా తిరిగాడు. ఇప్పుడు గాలి ఎదురు. వెళ్ళేటప్పుడు గాలి పుణ్యాన మిగిలిన కరెంటంతా వచ్చేటప్పుడు ఆ గాలే మింగేసింది. నడి సరస్సులో మోటారు ఆగింది. గాలి పడవని అవతలి ఒడ్డున రాళ్ళవైపు నెడుతోంది. సీటు వెనక చెక్క ఊడబీకి, దాన్నే తెడ్డు చేసుకుని, రెండు చేతులా వేశాడు. చేపలవాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చేసరికి కుడి చెయ్యి గుడ్డపేలికలా వేలాడుతోంది.

మళ్ళీ ఆపరేషన్ అయింది. చెయ్యి నడుం దాటి పైకి లేవదన్నారు.

మోటారు కొన్న ప్రతివాడికీ కరెంటమ్మ చెప్పే మాటలు రెండే: గాలి చూసుకోండి, తెడ్డు మరిచిపోకండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా ఒకటికి పదిసార్లు చెప్పేది. సొంత అన్నకి చెప్పలేదు. పైగా అన్న, అడిగినవాళ్ళందరితో "నేనే మీటరు చూసుకోలేదు, మా చెల్లి తప్పేం లేదు" అంటున్నాడట. తిట్టినా బాగుండేది ఆవిడకి.

ఒక మధ్యాహ్నం అన్న ఇంటికి వెళ్ళింది. వదిన తలుపు తీసి, "లోపలున్నారు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్న కిటికీ దగ్గర ఎడమచేత్తో చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు.

"నాదే తప్పన్నయ్యా," అంది నిలబడే. "తెడ్డు లాగేసుకున్నాను. గాలి సంగతి చెప్పలేదు. ఇంకా పెద్ద బ్యాటరీ పెట్టాల్సింది."

"ఇంకా పెద్దదా?" అన్న నవ్వాడు. గుండీ వదిలేసి అడిగాడు, "ఒసేయ్, అసలు నేను నిన్ను మోటారు అడిగానటే?"

లేదన్నట్టు తలూపింది.

"రోజూ షెడ్డుకొచ్చింది అడుగుదామనే. నువ్వు ముందు కూర్చుని తెడ్డు వెయ్యవే, నేను ఊరికే వెనక కూర్చుంటాను, వారానికో పూట చాలు అని. నువ్వేమో నాకోసమే తల వంచుకుని చేస్తున్నావు. నోరు రాలేదు. ఆ ముందు సీటు ఊడదీశాక ఇక అడిగి ఏం లాభంలే అనుకున్నాను."

ఇన్ని మోటార్లు విప్పి లోపల ఏముందో చూసిన మనిషి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్న అన్నని ఒక్కసారి సరిగ్గా చూడలేదు.

"బ్యాటరీ తీసి పారేస్తాను," అంది. "సీటు మళ్ళీ బిగిస్తాను. రేపే వెళ్దాం, నేనే వేస్తాను తెడ్డు."

"కయాక్‌లోకి దిగాలంటే రెండు చేతులూ గట్టిగా ఆనించాలి కదే," అన్నాడు అన్న, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు నెమ్మదిగా. "ఇప్పుడిది ఆనదు."

ఆవిడ దగ్గరికి జరిగి, కళ్ళు తుడుచుకోకుండానే, మిగిలిన గుండీలు పెట్టింది.