విప్పేసిన పట్టీలు

ఆదివారం అభిమానుల సభలో అందరూ హోదా ప్రకారం వేదిక మీద నిలబడాలి. అంతరిక్ష నౌక సీరియల్‌లోని డాక్టర్ వేషం వదినది, పైలట్ వేషం మరిదిది. డాక్టర్ చొక్కా చేతికి హోదా తెలిపే పట్టీలు రెండు, పైలట్‌కు మూడు. ఆరేళ్లుగా డాక్టర్ అంటే ప్రాణం పెట్టే వదినకు పైలట్ వెనక నిలబడటం ఇష్టం లేదు.

"నౌకలో అందరూ ఆవిడ మాటే వింటారు కదయ్యా" అంది మరిదితో, దర్జీ అక్కకు కొలతలిస్తూ.

"మనింట్లో అందరూ నీ మాటే వింటారు వదినా. అంతమాత్రాన పట్టీలొస్తాయా?" అన్నాడు మరిది.

దర్జీ టేపు మెడలో వేసుకుంది. "ఏదీ, ఆ చొక్కా చూపించండి."

వదిన ఫోన్‌లో డాక్టర్ చెయ్యెత్తే సన్నివేశం పెట్టింది. దర్జీ దాన్ని ఆపి, బొమ్మను పెద్దది చేసింది. రెండో పట్టీకి పైన, బట్ట మీద నాలుగు వరసల సూది రంధ్రాలున్నాయి.

"ఒక్కో పట్టీకి రెండు వరసల కుట్టు. అంటే ఇక్కడ రెండు పట్టీలు విప్పేశారు. ఒకప్పుడు ఈవిడకు నాలుగుండేవి."

ఆ సీరియల్‌లో నాలుగు పట్టీలు కెప్టెన్‌కే ఉంటాయి. అభిమానుల గ్రూపులో మూడు వందల మంది ఈ డాక్టర్ గురించి ఆరేళ్లు వాదించుకున్నారు. ఒక్కరూ కుట్టు చూడలేదు.

మరిది రంధ్రాల వరసలు రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ఇప్పుడున్నవి రెండేగా. నీ వెనకే నిలబడతాలే" అంది వదిన.

"కెప్టెన్‌ని వెనక పెట్టుకుని నేను నిలబడలేను తల్లీ. నువ్వే ముందుండు."

వదిన దర్జీ వైపు తిరిగింది. "నాలుగూ కుట్టి, పై రెండూ విప్పెయ్యక్కా."